చందా పేరిట చెవిలో పువ్వు

పత్రిక చౌక, పాఠకుడు ఖరీదు. అమెరికాలో ఈ లెక్క ఫోన్ మోసంగా ఎలా మారిందంటే...

1893 అక్టోబరులో న్యూయార్క్ ప్రచురణకర్త ఫ్రాంక్ మన్సీ తన మాసపత్రిక ధరను 25 సెంట్ల నుంచి ఒక్కసారిగా 10 సెంట్లకు దించేశాడు. ఆ ధరకు అమ్మితే తమకేం మిగులుతుందని పంపిణీ సంస్థ మొహం తిప్పుకుంది. మన్సీ వెనక్కి తగ్గలేదు. రెండేళ్లు తిరిగేసరికి పత్రిక లక్షల్లో అమ్ముడుపోసాగింది. లాభం మాత్రం ప్రతుల ధరలోంచి రాలేదు, ప్రకటనల్లోంచి వచ్చింది. అక్కణ్నుంచి అమెరికా పత్రికల వ్యాపార సూత్రమే తిరగబడింది. పత్రికను పాఠకుడికి చవగ్గా అమ్మాలి, ఆ పాఠకుణ్ని ప్రకటనదారుకు ఖరీదుగా అమ్మాలి.

తర్వాతి కాలంలో పత్రిక చందాల పేరుతో జరిగిన ఫోన్ మోసాలకు మూలం ఈ లెక్కలోనే ఉంది. ఎవరో దొంగలు బయటి నుంచి వచ్చి పత్రికా రంగంలో దూరారనుకుంటాం. వాళ్లకు తలుపు తీసింది ఆ రంగం అవసరమే.

తలల లెక్క

పాఠకుల సంఖ్యను బట్టి ప్రకటన రేటు ఉంటుందంటే ఆ సంఖ్యను ఉబ్బించి చెప్పేవాళ్లు పుట్టుకొస్తారు. అందుకే 1914లో ప్రకటనదారులు, ప్రచురణకర్తలు కలిసి ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్‌ను పెట్టుకున్నారు. ఎన్ని ప్రతులు అచ్చేశారన్నది కాదు, ఎంతమంది డబ్బు కట్టి తీసుకున్నారన్నదే బ్యూరోకు ముఖ్యం. అసలు ధరలో సగం కన్నా తక్కువకు ఇచ్చిన చందాను చాలాకాలం పాటు లెక్కలోకే తీసుకోలేదు.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఉచితంగా ఇస్తే ఎవరైనా పత్రిక తీసుకుంటారు, కానీ ఆ తల లెక్కకు రాదు. డబ్బు కట్టమంటే తల లెక్కకు వస్తుంది, కానీ అంతమంది కట్టరు. మధ్యేమార్గం ఒక్కటే కనిపించింది. కొనేవాడికి ఉచితమన్నట్టు అనిపించాలి, ఆడిట్ పుస్తకంలో మాత్రం వసూలైనట్టు ఉండాలి. ఈ పని ప్రచురణకర్త స్వయంగా చేయడు, చందా ఏజెన్సీలకు అప్పగిస్తాడు. వసూలైన సొమ్ములో సింహభాగం ఏజెన్సీదే. ప్రచురణకర్తకు దక్కేది చందాదారు పేరు, చిరునామా. అతనికి కావలసిందీ అదే.

వారానికి కొన్ని సెంట్లే

మొదట ఈ ఏజెన్సీల మనుషులు ఇంటింటికీ తిరిగారు. కాలేజీ చదువుకు పాయింట్లు పోగు చేసుకుంటున్నామని కుర్రాళ్లు, సర్వే చేస్తున్నామని పెద్దవాళ్లు తలుపు తట్టేవారు. ఎక్కువగా అమ్మిన పథకం పేరు ‘పెయిడ్ డ్యూరింగ్ సర్వీస్’. పత్రికలు వస్తుండగానే వాయిదాల్లో డబ్బు కట్టడం అన్నమాట. నాలుగైదు పత్రికలు ఐదేళ్ల పాటు ఇంటికొస్తాయి, మీరిచ్చేది వారానికి కొన్ని సెంట్లే అని చెప్పేవారు.

ఆ కొన్ని సెంట్లను కూడి చూద్దాం. వారానికి 60 సెంట్లు అనుకుంటే ఐదేళ్లకు, అంటే 260 వారాలకు, 156 డాలర్లు. ఆ మొత్తాన్ని ఐదేళ్లలో కాకుండా రెండున్నరేళ్లలోనే కట్టాలని ఒప్పందంలో ఉంటే నెలకు 5 డాలర్ల 20 సెంట్లు. నోటితో వారం లెక్క చెప్పేవారు, కాగితం మీద నెల లెక్క రాసేవారు. సంతకం పెట్టింది కాగితం మీద కాబట్టి మానేస్తానంటే కుదరదనేవారు. కట్టకపోతే వసూలు ఉత్తరాలు మొదలయ్యేవి.

పేరున్న సంస్థలూ ఈ వ్యాపారంలో ఉండేవి. హర్స్ట్ కార్పొరేషన్‌కు చెందిన పీరియాడికల్ పబ్లిషర్స్ సర్వీస్ బ్యూరో అమ్మకం పద్ధతుల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ జరిపి 1972లో ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది కమిషన్ ఇంకో నిబంధన ప్రకటించింది. ఇంటికొచ్చి అమ్మిన సరుకును మూడు పనిదినాల్లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. 1974లో అది అమల్లోకి వచ్చింది. ఆ నిబంధనకో మినహాయింపు ఉంది. మొదటి నుంచి చివరి దాకా ఫోన్లోనే జరిగిన అమ్మకానికి అది వర్తించదు.

గుమ్మం నుంచి రిసీవర్‌కు

ఫోన్ అప్పటికే సిద్ధంగా ఉంది. దూరప్రాంతపు కాల్ అంటే నిమిషాల లెక్కన జేబు ఖాళీ అయ్యే రోజుల్లో, 1961లో ఏటీ అండ్ టీ ‘వాట్స్’ అనే సదుపాయం తెచ్చింది. పెద్ద సంస్థలు నెలకింత అని కట్టేసి ఎన్ని కాల్స్ అయినా చేసుకోవచ్చు. ఇంటింటికీ తిరిగే మనిషి సాయంత్రానికి ఏ కొద్ది తలుపులో తడతాడు. ఒకే గదిలో వరసగా కూర్చున్న పాతికమంది రోజుకు వేల ఇళ్లకు ఫోన్ చేయగలరు. పెట్రోలు ఖర్చు లేదు, కుక్కల భయం లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా చేతిలో పెట్టాల్సిన కాగితమే లేదు.

కాగితం లేకపోతే ఒప్పందం ఎలా? అందుకో పద్ధతి కనిపెట్టారు. ఆ కాల్ ఎలా నడిచేదో చూడండి.

ఫోన్ మోగుతుంది. “నమస్కారం మేడమ్, ఇది అమ్మకం కోసం చేసిన కాల్ కాదు. ఇన్నాళ్లూ మాతో ఉన్నందుకు కృతజ్ఞతగా మీకో కానుక పంపుతున్నాం” అంటుంది అవతలి గొంతు. ఇంట్లో వంట ఇష్టమా, తోటపని ఇష్టమా అని అడుగుతుంది. చెప్పిన ఇష్టాన్ని బట్టి నాలుగు పత్రికల పేర్లు చదువుతుంది. డబ్బు సంగతి వారానికి ఇన్ని సెంట్లని ఒక్క ముక్కలో దాటేస్తుంది. తర్వాత మెల్లగా, “మా సూపర్‌వైజర్ లైన్లోకి వచ్చి వివరాలు సరిచూస్తారు. అప్పుడు టేపు తిరుగుతుంటుంది. మధ్యలో ప్రశ్నలడిగితే మళ్లీ మొదటి నుంచి చదవాలి, అన్నిటికీ అవునంటే చాలు” అంటుంది. సూపర్‌వైజర్ వచ్చి మొత్తం నిబంధనలను గుక్కతిప్పుకోకుండా చదువుతాడు. ఆవిడ అవును, అవును అంటుంది.

అబద్ధాలు చెప్పిన మొదటి భాగానికి రికార్డింగ్ ఉండదు. నిజాలు గబగబా చదివిన రెండో భాగానికి ఉంటుంది. రేపు ఆవిడ మొత్తుకున్నా వినిపించేది ఆ రెండో భాగమే. ‘మీరే ఒప్పుకున్నారు, వినండి.’

ఫోన్ ఒక్కటే కాదు, టపా కూడా ఇలాగే పనిచేసింది. చెక్కులా కనిపించే కాగితాలు పంపొద్దన్న కమిషన్ ఉత్తర్వును మీరి రీడర్స్ డైజెస్ట్ ‘ట్రావెల్ చెక్’ లాంటివి సుమారు ఒక కోటి 80 లక్షలు పంపింది. కోర్టు 17.5 లక్షల డాలర్ల జరిమానా వేసింది, 1981లో పైకోర్టు దాన్ని సమర్థించింది. విడదీసి చూస్తే కవరుకు పది సెంట్లు కూడా పడలేదు.

మొదటి మాట మీద చట్టం

1994లో అమెరికా కాంగ్రెస్ టెలిమార్కెటింగ్ మోసాల మీద చట్టం చేసింది. దాని కింద 1995లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ టెలిమార్కెటింగ్ సేల్స్ రూల్ తెచ్చింది. ఫోన్ ఎత్తగానే ఏ సంస్థ తరఫున, ఏం అమ్మడానికి మాట్లాడుతున్నారో ముందే చెప్పాలి. డబ్బు తీసుకునేలోపు మొత్తం ఖర్చు చెప్పాలి. ఉదయం 8కి ముందు, రాత్రి 9 తర్వాత ఇళ్లకు ఫోన్ చేయకూడదు. ‘ఇది అమ్మకం కాల్ కాదు’ అన్న ఒక్క వాక్యం మీద నిలబడ్డ వ్యాపారానికి ఇది గట్టి దెబ్బే.

2003లో ఈ రూల్‌కు మరింత పదును పెట్టారు. సంస్థ దగ్గర ముందే ఉన్న కార్డు వివరాలతో, కొన్నాళ్లు ఉచితమిచ్చి తర్వాత డబ్బు లాగే పథకాన్ని అమ్మాలంటే, వినియోగదారు తన ఖాతా చివరి నాలుగంకెలు తానే చెప్పాలి. టేపు కూడా ఆఖరి ముక్కకు కాదు, మొదటి నుంచి చివరి దాకా తిరగాలి. అదే ఏడాది జూన్ 27న ‘డు నాట్ కాల్’ జాబితా తెరిచారు. నాలుగు రోజుల్లోనే కోటికి పైగా నంబర్లు అందులో చేరాయి. సెప్టెంబరులో ఓక్లహోమాలో ఓ న్యాయమూర్తి ఆ జాబితా పెట్టే అధికారం కమిషన్‌కు లేదంటే, కాంగ్రెస్ రోజుల వ్యవధిలో కొత్త చట్టం చేసి ఆ అధికారం ఇచ్చింది.

ఈ జాబితాలోనూ ఒక సందు ఉంది. ఇప్పటికే వ్యాపార సంబంధం ఉన్న సంస్థ, ఆఖరి కొనుగోలు జరిగిన 18 నెలల దాకా ఫోన్ చేయవచ్చు. ‘మీరు మా పాత కస్టమరే కదా’ అన్న మాట చట్టంలోనూ చెల్లింది, వినేవాళ్ల మనసులోనూ చెల్లింది.

పత్రిక పోయింది, పేరు మిగిలింది

2020 అక్టోబరులో మిన్నెసోటా ఫెడరల్ ప్రాసిక్యూటర్లు 60 మంది మీద అభియోగాలు మోపారు. పత్రిక చందాల పేరుతో లక్షన్నరకు పైగా మందిని ముంచి 30 కోట్ల డాలర్లు కాజేశారన్నది ఆరోపణ. మోసపోయినవాళ్లలో ఎక్కువమంది వృద్ధులు. ఆ తర్వాత చాలామంది నేరం ఒప్పుకున్నారు, జైలు శిక్షలూ పడ్డాయి.

పత్రికలు చదివేవాళ్లే తగ్గిపోయిన కాలంలో ఇంత సొమ్ము ఎలా? వీళ్లు అమ్మింది పత్రికలను కాదు, వాటి భారం నుంచి విముక్తిని. ముందుగా ఎవరెవరికి చందాలున్నాయో చెప్పే జాబితాలను దళారుల దగ్గర కొనేవారు. ఆ పేర్లకు ఫోన్ చేసి, మీ పాత చందా కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, మీ నెల బిల్లు తగ్గిస్తాం అనేవారు. తగ్గింపు పేరుతో కార్డు నంబరు తీసుకుని కొత్త చందా తగిలించేవారు. బిల్లు తగ్గకపోగా ఇంకొకటి తోడయ్యేది. అలా నాలుగైదు బిల్లులతో విసిగిపోయిన మనిషికి మరో ముఠా ఫోన్ చేసి, మీకింత బాకీ ఉంది, ఏకమొత్తంగా ఇంత కడితే అన్ని ఖాతాలూ మూసేస్తాం అనేది. ఆ బాకీ ఉత్తుత్తిదే.

మన్సీ రోజుల్లో చందాదారు పేరును ప్రకటనదారు కొన్నాడు. ఇప్పుడు అదే పేరును మోసగాడు కొంటున్నాడు. ఈ సంతలో ఒకసారి మోసపోయినవాడి పేరుకు గిరాకీ ఎక్కువ. ఒకసారి కార్డు నంబరు చెప్పిన మనిషి రెండోసారీ చెబుతాడని వాళ్ల ధీమా.

మన దగ్గర వారపత్రిక అంటే చాలామందికి బస్టాండు కొట్టులో తగిలించి ఉండేది, లేదా పేపరు కుర్రాడు వేసి వెళ్లేది. చందా కోసం ఫోన్ చేసి వేధించే దశ మనకు పెద్దగా రాలేదు. కానీ పేర్ల జాబితాల వ్యాపారం వచ్చింది. 2007లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, అమ్మకం కాల్స్ వద్దన్నవాళ్ల నంబర్లకు జాబితా పెట్టింది. ఇప్పుడు 1909కు చెప్పి ‘డు నాట్ డిస్టర్బ్’ (డీఎన్‌డీ) జాబితాలో చేరవచ్చు. అయినా క్రెడిట్ కార్డు పరిమితి పెంచుతామని, ఆగిపోయిన బీమా పాలసీ సొమ్ము ఇప్పిస్తామని ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అవతలివాళ్లు మన పేరు, బ్యాంకు పేరు ముందే చెప్పేసరికి నమ్మేస్తున్నాం. పేరు తెలిసినంత మాత్రాన మనవాళ్లు కారని ఆ అమెరికా వృద్ధుల అనుభవం చెబుతోంది.

అడక్కుండానే బిల్లు తగ్గిస్తామనో, బాకీ మాఫీ చేస్తామనో ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయాలి. అనుమానముంటే పాత బిల్లు మీదున్న నంబరుకు మనమే చేయాలి. ఇంట్లో పెద్దవాళ్ల ఖాతాలోంచి నెలనెలా తెలియకుండా ఏం పోతోందో పిల్లలు ఓసారి పక్కన కూర్చుని చూడాలి. సొమ్ము పోయిందని తెలిస్తే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. మోసపోయినవాడు మౌనంగా ఉన్నంతకాలమే అతని పేరుకు ఆ జాబితాలో అంత ధర.