మీది ఇరవై ఎకరాలు

మంట కాడికి జరుగుండ్రి బిడ్డా. మనిషి మనసు మంచిదా చెడ్డదా అని అడుగుతున్నరు గదా, పోచంపల్లి ముచ్చట చెప్త.

అప్పుడు మన నల్లగొండ జిల్లా అంత అట్టుడికిపోతుండె. పగలు మిలిటరీ, రాత్రి కమ్యూనిస్టు సంగపోళ్లు. భూమి కోసం పానాలు పోతున్న కాలం. అసొంటప్పుడు గాంధీ శిష్యుడు వినోబా భావే వార్ధా దిక్కుకెళ్లి నడుసుకుంట శివరాంపల్లి సర్వోదయ సభకు వచ్చిండు. ఆడికెళ్లి పల్లెలు పట్టుకొని పోయి, 1951 ఏప్రిల్ 18 నాడు పోచంపల్లిల దిగిండు. దళితవాడకు పోయి మీకేం గావాలె అని అడిగిండు. భూమి గావాలె, 40 ఎకరాలు తరి, 40 ఎకరాలు ఖుష్కి ఇప్పిస్తే బతుకుతమన్నరు వాళ్లు. సర్కారుకు రాస్తే అది ఎన్నడు తెగాలె? కూసున్నోళ్ల దిక్కు మర్రి, మీల ఎవరన్న ఇస్తరా అని అడిగిండు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి, నేను 100 ఎకరాలిస్త అన్నడు.

ఆ భూమి ముందు దినం గూడ ఆయన కాడనే ఉండె. ఆ వాడ గూడ అదే ఊర్లె ఉండె. మరి ముందు దినం ఎందుకియ్యలే? సంగపోళ్ల భయానికి ఇచ్చిండనెటోళ్లు ఉన్నరు. ఆ పోరాటం లేకుంటే ఆ మాట అంత జల్ది నోట్లకెళ్లి రాకపోవు, అది నేను గూడ ఒప్పుకుంట. గని భయానికైతే 80 చాలుతుండె. మీది 20 ఎకరాలు భయం ఇచ్చినయి గావు. వాటిని తలుసుకుంటే నాకు ఇయ్యాల్టికి గుండె నిండుతది.

అటెన్క తెలంగాణల తిరిగి 12 వేల ఎకరాలు జమ చేసిండు వినోబా. అందరు ఒక్క తీరుగ ఇయ్యలే. చౌడు భూములు, గుట్టబోర్లు, కోర్టుల నలుగుతున్న జాగలు రాసిచ్చినోళ్లు గూడ ఉన్నరు.

మా దిక్కు ఒకాసామి బండలున్న చెలక ఇచ్చిండు. అది వచ్చినోళ్లు ఆలుమగలు. గడ్డపార పెట్టి మొగడు పెల్లగిస్తుంటే, ఆమె కొంగుల రాళ్లేసుకొని గట్టుకు మోసేది. గోర్లు అరిగి నెత్తురు కారేది. ఏండ్లు పట్టింది. మొదలు ఆముదాలేసిండ్రు, తర్వాత కందులు, జొన్నలు. పంట కండ్లవడేసరికి ఆసామి కొడుకు వచ్చి, మా తాత జాగ, జరుగుండ్రి అని లొల్లి వెట్టిండు.

ముసలి ఆసామి కట్టె పట్టుకొని చెలక కాడికొచ్చిండు. నా లెక్కల ఆయన దానం చేసింది ఆ పొద్దే. కాయితం రాసిన్నాడు తనకు అక్కరకు రాని బండలిచ్చిండు, ఆ పొద్దు పండే చేను ఇడిశిండు. ఊరోళ్లందరి ముంగట కొడుకుతోటి ఒక్కటే అన్నడు: "నేనిచ్చింది బండ. ఇది వాళ్లు చేసుకున్న భూమి. నువ్వు ఇంటికి నడువ్."