పాట అందుకున్న గొంతులు

మెట్‌పల్లిలో బీడీల చాట పక్కనపెట్టి బతుకమ్మ ఆడే ఆడవాళ్లలో ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఊరికి ఎత్తుకున్న గొంతే గుర్తుంటుంది. అమెరికా గాయనుల జట్టు సుప్రీమ్స్ కథలో నా మనసు మాత్రం అందుకున్నవాళ్ల దగ్గరే ఆగుతుంది.

కార్ల కార్ఖానాల ఊరు డెట్రాయిట్. 1959లో అక్కడి నల్లజాతి అమ్మాయిలు ఫ్లోరెన్స్ బల్లార్డ్, మేరీ విల్సన్, డయానా రాస్, బెట్టీ మెక్‌గ్లౌన్ 'ప్రైమెట్స్' పేరుతో జట్టు కట్టారు. పెళ్లి కుదిరి బెట్టీ వెళ్లిపోతే బార్బరా మార్టిన్ వచ్చింది. 1961 జనవరిలో మోటౌన్ రికార్డుల కంపెనీ వీళ్లను తీసుకుంది కానీ పేరు మార్చమంది. 'సుప్రీమ్స్' అన్న పేరు ఎంచింది ఫ్లోరెన్సే. 1962లో బార్బరా కూడా తప్పుకోవడంతో ముగ్గురు మిగిలారు.

1964లో దశ తిరిగింది. బీటిల్స్ జట్టు ఊపేస్తున్న రోజుల్లోనే వీళ్ల పాటలు వరుసగా అయిదు అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానానికి చేరాయి. 1969 నాటికి అలా మొదటి స్థానానికి చేరినవి 12. కంపెనీ యజమాని బెర్రీ గోర్డీ డయానాను ముందు నిలబెట్టాడు. 1967లో జట్టు పేరుకు ముందు ఆమె పేరు చేరింది. అదే ఏడాది ఫ్లోరెన్స్‌ను పక్కకు తప్పించి సిండీ బర్డ్‌సాంగ్‌ను తెచ్చారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది చివరి నంబర్ వన్ పాట, 1969 నాటి 'సమ్‌డే వీ విల్ బీ టుగెదర్'. రికార్డు మీద జట్టు పేరుంది, కానీ వెనక వినిపించేవి మేరీ, సిండీల గొంతులు కావు. స్టూడియోకి పిలిపించిన వేరే గాయనులవి. అందుకునేది ఎవరైనా ఒకటేననుకోవడం అన్యాయం. ఆ పాటలకు నిండుదనం వచ్చింది వెనక గొంతుల వల్లనే.

1970లో డయానా వెళ్లిపోయింది. జీన్ టెర్రెల్, లిండా లారెన్స్, షెర్రీ పేన్, సుసే గ్రీన్ ఒకరి తర్వాత ఒకరు చేరారు. 1977లో జట్టు విడిపోయేదాకా మొదటి నుంచీ ఉన్నది మేరీ ఒక్కతే.

ఫ్లోరెన్స్ ఒంటరిగా పాడి చూసింది, నిలదొక్కుకోలేకపోయింది. కంపెనీ మీద కోర్టుకెళ్లి ఓడిపోయింది. సర్కారు సాయం మీద బతకాల్సి వచ్చింది. 1976 ఫిబ్రవరి 22న గుండె ఆగి చనిపోయేనాటికి 32 ఏళ్లే. 1961లో వచ్చిన 'బటర్డ్ పాప్‌కార్న్' పాటను ఎత్తుకున్నది ఆమే. దొరికితే వినండి.