మొహావీ విమానశాలలోని ఏకాకి యంత్రములు

విమానముల చరిత్ర సాధారణముగా వేలకొలది సంఖ్యలో తయారై యుద్ధమందును వాణిజ్యమందును పేరుగాంచిన యంత్రముల చరిత్రగానే వ్రాయబడుచున్నది. ఒకే ఒక ప్రతిగా నిర్మింపబడి, కొన్నియేండ్లు ఎగిరి, తన్ను నిర్మించినవాని సంశయమొకదానిని తీర్చి, పిమ్మట ఏ ప్రదర్శనశాలకో చేరిన యంత్రములకు అందు దక్కు స్థలము మిక్కిలి స్వల్పము. అట్టి ఏకాకి యంత్రములను నాలుగు దశాబ్దుల పాటు ఎడతెగక సృష్టించిన కర్మశాల యొకటి అమెరికాదేశపు కాలిఫోర్నియా రాష్ట్రమున, మొహావీ ఎడారిలో గలదు. దాని పేరు స్కేల్డ్ కాంపోజిట్స్. అంతరిక్షపు అంచును తాకివచ్చిన స్పేస్‌షిప్‌వన్ వలన 2004లో ఆ పేరు లోకమంతట వినబడినది గాని, ఆ శాలయొక్క అసలు విశిష్టత ప్రసిద్ధములైన యంత్రములలో కంటె అప్రసిద్ధములైన వానిలోనే ఎక్కువగా కానవచ్చునని నా నమ్మకము.

మొహావీ లాస్ ఏంజిలిస్ నగరమునకు ఉత్తరమున, కొండల కావలనున్న చిన్న ఊరు. 1880ల దశకములో మృత్యులోయ నుండి బోరాక్స్ ఖనిజమును ఇరువది జంతువులు పూన్చిన పెద్ద బండ్లమీద తెచ్చి రైలున కెక్కించినది ఇచ్చటనే. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇక్కడి విమానాశ్రయమును నౌకాదళపు మెరైనులు శిక్షణకై వాడుకొనిరి. సమీపముననే ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరము. వైమానికదళపు కొత్త యంత్రములు పెక్కు పరీక్షింపబడునది అక్కడనే. ఆ స్థావరమున పౌర ఇంజనీరుగా 1965 నుండి ఏడేండ్లు పనిచేసిన బర్ట్ రుటాన్ 1974లో మొహావీకి వచ్చి రుటాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ అను చిన్న సంస్థను నెలకొల్పెను.

రుటాన్ 1943లో ఓరిగాన్ రాష్ట్రమున జన్మించి, కాలిఫోర్నియాలోని డినూబా పట్టణమున పెరిగి, బాల్యమునుండియు బొమ్మ విమానములు నిర్మించి ఎగురవేసిన మనుష్యుడు. ఎడ్వర్డ్స్‌లో ఫాంటమ్ యుద్ధవిమానము అదుపుతప్పి గిరగిర తిరుగుచు పడిపోవు తీరును పరీక్షించు పనిలో పాల్గొనుట వలన, అట్టి పతనమునకు లోనుగాని విమానమును రచింపవలెనను కోరిక అతనిలో బలపడినది. స్వంతముగా తలపెట్టిన వారివిగ్గన్ విమానమునకు వాయుసొరంగపు పరీక్ష చేయించు స్తోమత లేక, చిన్న ప్రతిమనొకదానిని తన కారు పైకప్పున బిగించి, రహదారిమీద వేగముగ నడిపి, దానిపై పనిచేయు బలములను కొలిచెను. ఖరీదైన సాధనము దొరకునందాక ఆగక, చేతనున్న దానితోనే ప్రకృతిని ప్రశ్నించు ఈ స్వభావమే తరువాతి కాలమున ఆ శాలయంతటికిని స్వభావమైనది.

1975 మే నెలలో తొలిసారి ఎగిరిన వారిఈజీ అను చిన్న విమానముతో కొత్త నిర్మాణపద్ధతి యొకటి ప్రచారమునకు వచ్చినది. అంతకుముందు గాజునారతో విమానభాగములు చేయవలెనన్న, ముందుగా శ్రమకోర్చి అచ్చులు చేసికొనవలసి యుండెను. రుటాన్ అచ్చునే విడిచిపెట్టెను. గట్టి నురుగు దిమ్మెను బల్లపై నిలిపి, రెండు కొనలను రెక్క అడ్డుకోత ఆకారముగల పలకలు బిగించి, ఆ పలకల అంచుల వెంబడి విద్యుత్తుచే కాగిన తీగను నడిపినచో నురుగు రెక్క రూపమున తెగును; దానిపై గాజునార వస్త్రమును పరచి, ఎపాక్సీ రాళతో తడిపి, ఆరనిచ్చినచో నురుగే లోపలి ఆధారమై, గాజునారయే భారము మోయు చర్మమై, రెక్క సిద్ధమగును. లోహపు రేకులు వంచు యంత్రములు లేవు, వేలకొలది రివెట్లు లేవు. ఇంటి వెనుకనున్న కారు షెడ్డులో, ఓర్పుగల గృహస్థుడెవడైనను నేర్చి చేయదగిన పని. నకలు చిత్రములు అమ్మకమునకు రాగా వందలాది జనులు తమ ఇండ్లయందే ఆ విమానమును నిర్మించుకొనిరి. కొత్త ఆకారమొకటి తోచిన కొన్ని మాసములకే దానిని గాలిలో చూడగల శక్తిని శాలకు ప్రసాదించినదియు ఈ పద్ధతియే.

వారిఈజీకిని, 1979లో వచ్చిన లాంగ్-ఈజీకిని చిన్న రెక్క ముందుండును, పెద్ద రెక్క వెనుకనుండును. వేగము మితిమీరి తగ్గినప్పుడు ముందురెక్కయే మొదట పట్టు కోల్పోవును గనుక ముక్కు తనంతట తానే కొంచెము వాలి, విమానము మరల వేగము పుంజుకొనును. పెద్ద రెక్క పట్టు తప్పు అవస్థ సాధారణముగా రాదు. అయినను ప్రకృతి అంత తేలికగా లొంగలేదు. తొలి ముందురెక్క ఆకృతి మీద వాన చినుకులు నిలిచినచో దాని ఉత్థాపకబలము తగ్గి ముక్కు క్రిందికి వంగుచుండెను. జాన్ రోంజ్ అను శాస్త్రజ్ఞుడు ఆకృతిని మార్చి ఆ దోషమును తొలగించెను. మన దేశమునకును ఈ కథతో సంబంధము గలదు. బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల వారు 1980ల దశకమున లాంగ్-ఈజీ రచననే గ్రహించి పరిశోధనా విమానమొకటి నిర్మించి ఎగురవేసిరి. అదే ప్రయోగశాల నుండి 1993లో గాజునార దేహముతో హంస శిక్షణ విమానము వెలువడినది.

రెక్కలు ఇరువైపుల సమానముగా ఉండవలెనను నియమము పక్షిదేహమును చూచి మానవుడు నేర్చినది. ఆ నియమమును ప్రశ్నించు అవకాశము రుటాన్‌కు నాసా సంస్థనుండి లభించినది. అచ్చటి రాబర్ట్ జోన్స్ అను వాయుగతి శాస్త్రవేత్త, ఒకే రెక్కను నడుమ ఇరుసుపై నిలిపి, వేగము పెరిగినకొలది దానిని ఏటవాలుగ త్రిప్పినచో, ధ్వనివేగమునకు సమీపమున గాలి నిరోధము తగ్గునని చిరకాలముగా వాదించుచుండెను. ఏడీ-1 అను ఆ పరీక్షావిమానమునకు సమగ్ర రచన రుటాన్ శాలయే చేసినది. 1979 డిసెంబరునుండి 1982 వరకు అది 79 సార్లు ఎగిరి, రెక్కను 60 డిగ్రీల వరకు త్రిప్పి చూపినది. 45 డిగ్రీలు దాటిన పిమ్మట నడుపుట కష్టమగునని కూడ తేల్చినది. ధ్వనివేగమునకు చాల దిగువననే తిరిగిన ఆ నెమ్మది యంత్రము ఒక సిద్ధాంతము యొక్క గుణమును దోషమును సమానముగ బయలుపరచుట, దానిపై వెచ్చించిన స్వల్పధనమునకు గొప్ప ప్రతిఫలమని తలంచుచున్నాను.

1981లో ఫెయిర్‌చైల్డ్ రిపబ్లిక్ సంస్థకై, ఆ సంస్థ వైమానికదళమునకు ప్రతిపాదించిన శిక్షణ విమానమును 62 శాతము పరిమాణమున రుటాన్ రచించి ఎగిరించి చూపగా, మరుసటి యేడు ఆ సంస్థకే గుత్త లభించినది. పెద్ద కంపెనీలు కోట్లు వెచ్చించుటకు ముందు చిన్న పరిమాణపు విమానముతో నిజము తెలిసికొనవచ్చునన్న తలంపుతో 1982లో స్కేల్డ్ కాంపోజిట్స్ అవతరించెను. తొలి పెద్ద పని బీచ్‌క్రాఫ్ట్ వారి స్టార్‌షిప్. దాని 85 శాతపు ప్రతి 1983 ఆగస్టులో ఎగిరి, చూచినవారి మనస్సులను దోచుకొనెను.

ఇచ్చట ఈ పద్ధతి యొక్క హద్దు బయటపడినది. చిన్న ప్రతికి లోపలి గాలి పీడనమును నిలుపు బాధ్యత లేదు, పిడుగుపాటునుండి రక్షణ లేదు, ప్రభుత్వపు అనుమతిపత్రముతో పని లేదు. పూర్తి విమానము 1986లో ఎగురునాటికి కార్బన్ నార దేహమును ఎట్లు పరీక్షించి ఆమోదింపవలెనో అధికారులకు అనుభవము చాలకపోవుటచే, వారు కోరిన దృఢత్వమంతయు చేర్చగా బరువు పెరిగి, వేగము ఆశించినంత రాలేదు. మొత్తము 53 మాత్రమే తయారైనవి. 2003లో బీచ్ సంస్థ తన అధీనముననున్న వానిని ధ్వంసము చేయింపసాగెను. అయినను చిన్న ప్రతి అబద్ధము చెప్పలేదు. గాలిని గూర్చి దానిని అడిగిరి, గాలిని గూర్చి అది చెప్పెను. కర్మాగారమును గూర్చియు చట్టమును గూర్చియు దానినెవ్వరును అడుగలేదు.

రుటాన్ రచించిన తక్కినవానిని అన్నిటిని పేర్కొనుటకు తావు చాలదు. కురచ నేలమీదనే లేచి దిగగల గ్రిజ్లీ, సైన్యపు సామగ్రి మోయుటకు రచింపబడిన జంట రెక్కల వరుసల రవాణా నమూనా, ఎఫ్‌జే44 జెట్ ఇంజనును తొలిసారి గాలిలోనికి గొనిపోయిన ట్రయంఫ్, ఐదుగురు కూర్చుండు క్యాట్‌బర్డ్ మొదలగునవి ఒక్కొక్క ప్రతితోనే నిలిచిపోయినవి. 1988 అమెరికాస్ కప్ పందెమున నెగ్గిన పడవకు రెక్క వంటి తెరచాపయు, 1992లో జనరల్ మోటర్స్ వారి అల్ట్రాలైట్ కారునకు తేలిక దేహమును, పెగాసస్ రాకెట్టునకు రెక్కయు ఈ శాలలోనే రూపొందినవి. విషాదమును లేకపోలేదు: పాత యుద్ధవిమానములను పందెములలో నాశనము కానీయక వానికి బదులుగ పరుగెత్తవలెనని నిర్మించిన పాండ్ రేసర్ 1993లో కూలగా చోదకుడు మరణించెను.

1990 ఫిబ్రవరిలో ఎగిరిన ఆరీస్ ఈ శాల తన స్వంత ధనముతో నిర్మించిన చిన్న దాడివిమానము. ఇరువదియైదు మిల్లీమీటర్ల ఐదు గొట్టముల ఫిరంగి కాల్చినపుడు వెలువడు వేడి పొగను జెట్ ఇంజను పీల్చినచో అది ఆగిపోవచ్చును; దానిని నివారించుటకు ఇతరులు కవచములును మళ్లింపులును కల్పించుచుండ, రుటాన్ ఫిరంగిని దేహమునకు కుడిప్రక్కనుంచి, గాలి పీల్చు నోటిని ఎడమప్రక్కన మాత్రమే తెరచెను. పొగ వెలువడు చోటికిని గాలి తీయు చోటికిని నడుమ దేహమే గోడయైనది. గాలిలో కాల్పు పరీక్షలు కూడ జరిగినవి గాని, కొనుటకు ఏ సైన్యమును ముందుకు రాలేదు.

1996లో వచ్చిన బూమరాంగ్ ఈ ఆలోచనాసరణికి పరాకాష్ఠ. సాధారణముగా రెండు ఇంజన్ల చిన్న విమానమున ఇంజన్లు రెండు రెక్కలమీద దూరదూరముగా నుండును. ఒకటి ఆగినప్పుడు రెండవది విమానమును ప్రక్కకు లాగును, వేగము తక్కువైనచో చుక్కాని దానిని ఆపజాలదు, భద్రతకై పెట్టిన రెండవ ఇంజనే మృత్యుహేతువగును. రుటాన్ ఒక ఇంజనును దేహపు ముక్కునందే పెట్టి, రెండవదానిని ఎడమప్రక్కనున్న సన్నని ఉపదేహమున అమర్చి, రెంటిని దగ్గరకు చేర్చెను. కావడి మోయువాడు రెండు కుండలు సమానము కానపుడు బద్దను భుజముపై కొంచెము జరుపుకొన్నట్లు, భారకేంద్రమును రెండు ఇంజన్ల నడుమకు జరిపి, కుడిరెక్కను ఎడమదానికంటె కురచచేసి, ఇంజన్ల శక్తిని కూడ 210, 200 అశ్వశక్తులుగ వేరుపరచెను. కంటికి వక్రముగ తోచు ఆ యంత్రము ఒక ఇంజను ఆగినను సూటిగ పోవును. నెమ్మదిగ ముక్కెత్తి ఎగురునప్పుడు తిరుగు పంకా యొక్క దిగు రేకు ఎక్కు రేకుకంటె బలముగ లాగుటచే, రూపమున సమమైన విమానము కూడ నిజమునకు సమముగ నుండదని అతడు గ్రహించుటయే ఈ రచనకు మూలము. అసమత్వమును ప్రకృతియే తెచ్చిపెట్టినపుడు దానిని లెక్కలోనికి తీసికొన్నవాడు రుటాన్. కన్ను మూసికొన్నది తక్కిన లోకము.

బూమరాంగ్‌ను రుటాన్ తన ప్రయాణములకు తానే వాడుకొనెను. 2011 ఏప్రిలులో అతడు శాలనుండి విరమించెను. అదే సంవత్సరమున మరల బాగుచేయబడిన ఆ విమానము ఆష్‌కోష్ విమానోత్సవమునకు ఎగిరి వచ్చినది. ఏ కంపెనీయు దానిని వరుసగా తయారుచేయలేదు. జంట ఇంజన్ల చిన్న విమానములు ఇప్పటికిని రెండు రెక్కలమీదను సమదూరమున ఇంజన్లు మోయుచునే కర్మాగారములనుండి వెలువడుచున్నవి. వానిని నడుప నేర్చు ప్రతి శిష్యునకును ఒక ఇంజను ఆగినపుడు ఏ కాలితో చుక్కానిని త్రొక్కవలెనో గురువులు నేర్పుచునే యున్నారు.