గిన్నె అడుగున మిగిలిన పప్పు

ఈమధ్య నీరసంగా ఉంటోందని వెళ్తే, డాక్టరమ్మ నిన్న ఏం తిన్నారో చెప్పమంది. అన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ. పప్పు వండాను గానీ, అందరి భోజనాలూ అయ్యేసరికి గిన్నె అడుగే మిగిలింది. "మీకు మాంసకృత్తులు చాలట్లేదు" అంది.

ఎంత తింటే చాలు? ఆ లెక్క ఎవరు కట్టారు? చదవడం మొదలుపెట్టాను.

1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. తర్వాత ఆయన దేశంలోని ఒక్కో ప్రాంతం తిండిని ఎలుకలకు పెట్టి చూశాడు. రొట్టె, పప్పు, పాలు, వెన్న, కూరలు ఉన్న సిక్కుల భోజనం తిన్నవి బాగా ఎదిగాయి. అందరికంటే వెనకబడ్డవి ఏవనుకున్నారు? మద్రాసు వాళ్ళ భోజనం తిన్నవి! కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కదా. చదివి కాస్త చిన్నబోయాను. కంచం నిండా తెల్లన్నం, పక్కన ఇంత కూర: నా నిన్నటి భోజనమూ అదే.

మన దేశానికంటూ పోషకాల మోతాదులు 1944లో వచ్చాయి. కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు మారింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

1960ల్లో పేద దేశాల పిల్లలకు మాంసకృత్తులే కరువని ప్రపంచమంతా గోల. అప్పటి డైరెక్టరు సి. గోపాలన్ ఒప్పుకోలేదు. అసలు కడుపు నిండట్లేదు, కేలరీలు చాలకపోతే ఒళ్ళు మాంసకృత్తుల్నే కట్టెల్లా కాల్చుకుంటుంది అన్నారు. నా శనివారం ఒంటిపూటలు గుర్తొచ్చాయి.

2020 లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 55 కిలోల ఆడమనిషికి దాదాపు 46 గ్రాములు. 30 గ్రాముల కందిపప్పులో ఉండేది 6, 7 గ్రాములే. బియ్యం, గోధుమల వంటి ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటకూడదని కూడా ఆ సంస్థ చెబుతోంది. మా ఇంట్లో ఆడవాళ్ళ కంచాల్లో అంతకు రెట్టింపు ఉంటుందేమో!

ఇప్పుడు వడ్డించే ముందే రెండు గిన్నెల్లో పప్పు తీసి పక్కన పెడుతున్నాను, ఒకటి నాకు, ఒకటి అత్తయ్యకు. మొదటిరోజు అత్తయ్య తన గిన్నె తీసుకెళ్ళి మావారి కంచంలో వంపేశారు. నిన్న మాత్రం సగం తిన్నారు.