మేస్త్రీది ఏ ఊరు?

రెండు వారాల క్రితం డాలస్ శివార్లలో మా వీధి మీద వడగళ్ళ వాన పడింది. నిమ్మకాయలంత వడగళ్ళు. పడింది పావుగంటే కానీ, తెల్లారి చూస్తే కార్ల అద్దాలు పోయాయి, ఇళ్ళ కప్పుల మీద షింగిల్స్ చితికిపోయాయి. మేం ఇల్లు కొని ఏడాది కూడా నిండలేదు (గ్రీన్ కార్డు రాలేదు గానీ ఇల్లొచ్చింది :)). పొద్దున్న పదింటికల్లా తలుపు కొట్టడాలు మొదలు. మధ్యాహ్నానికి నా చేతిలో నాలుగు విజిటింగ్ కార్డులు.

నాలుగోవాడు మహా చురుకు. నేను సరే అనేలోపే నిచ్చెనేసి ఎక్కేశాడు. ఫోన్లో ఫొటోలు చూపించి "ఇన్సూరెన్సు వాళ్ళతో నేను మాట్లాడతాను, డిడక్టబుల్ మీరు కట్టక్కర్లేదు, ఇక్కడ సంతకం పెట్టండి చాలు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, పెన్ను తీశాను కూడా. ఇంతలో నాన్న ఫోన్. సంగతంతా విని ఒక్కటే అడిగారు, "అదంతా సరే గానీ నాన్నా, ఆ మేస్త్రీది ఏ ఊరు?"

నాకు నవ్వొచ్చింది. ఇదేమన్నా మన ఊరా! సరే కదా అని కిటికీలోంచి బండి నంబరు ప్లేటు చూశా. పక్క రాష్ట్రానిది. రేపు చెప్తానని పంపించేశాను. ఆ రాత్రి నిద్ర పట్టక, అసలు పూర్వం జనం ఇంటి కప్పు వేసేవాణ్ణి ఎలా నమ్మేవాళ్ళో చదువుతూ కూర్చున్నా. తేలిందేంటంటే, నాన్న ప్రశ్న చాలా పాతది.

మొదట దొరికేది హమ్మురాబి. క్రీస్తుకు పూర్వం సుమారు 1750లో చెక్కించిన ఆ నల్లరాతి శాసనం 1901లో ఇరాన్‌లోని సూసాలో దొరికింది, ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో కట్టినవాడికి ఇవ్వాల్సిన కూలీ ముందు రాసి, వెంటనే శిక్షలు రాశారు. ఇల్లు కూలి యజమాని చస్తే కట్టినవాడికి మరణశిక్ష. యజమాని కొడుకు చస్తే కట్టినవాడి కొడుక్కి! (ఆ పిల్లాడేం పాపం చేశాడో.) సామాన్లు పాడైతే ఇచ్చుకోవాలి, కూలిన ఇల్లు సొంత ఖర్చుతో మళ్ళీ కట్టాలి. ఇవన్నీ నిజంగా అమలయ్యాయా లేదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు పట్టింది వేరే విషయం. ఈ శిక్షల్లో ఏది వెయ్యాలన్నా ఇల్లు కూలిన రోజున మేస్త్రీ ఊళ్ళో దొరకాలి కదా.

అచ్చం మా వీధి కథలాంటిది ఇంగ్లండులో 1362లో జరిగింది. ఆ జనవరిలో పెద్ద తుఫాను వచ్చి ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి. అంతకు పదమూడు, పధ్నాలుగేళ్ళ ముందే ప్లేగులో జనం లక్షల్లో పోయారు, పనివాళ్ళే కరువు. పెంకుల ధర, కప్పేవాళ్ళ కూలీ ఒక్కసారిగా పెంచేస్తారని మూడో ఎడ్వర్డ్ రాజు ముందే ఆజ్ఞ జారీ చేశాడు: తుఫానుకు ముందు ఎంతుందో అంతే తీసుకోవాలి. తుఫాను వెనకాలే బేరగాళ్ళు వస్తారని రాజుగారికి అప్పుడే తెలుసన్నమాట.

1477లో నాలుగో ఎడ్వర్డ్ కాలంలో ఇంకో అడుగు వేశారు. పెంకుకి స్పెసిఫికేషన్ రాశారు! మట్టి నవంబరు 1 లోపు తవ్వాలి, ఫిబ్రవరి 1 లోపు తిరగెయ్యాలి, మార్చి 1 దాకా పెంకు చెయ్యకూడదు. చలికాలం మంచుకి మట్టి బాగా విడుతుందని. పెంకు పొడవు పదిన్నర అంగుళాలు, వెడల్పు ఆరుంపావు, మందం అంగుళంలో కనీసం ఎనిమిదింట అయిదో వంతు. మా ఆఫీసులో రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లు ఇంత స్పష్టంగా ఉంటే నేను వీకెండ్లు ఇంట్లోనే ఉండేవాణ్ణి.

అయితే పెంకు బాగుంటే సరిపోదు, పేర్చేవాడూ బాగుండాలి. లండన్‌లో ఆ పని పెంకులవాళ్ళ, ఇటుకలవాళ్ళ సంఘం చూసుకునేది. 1568లో వాళ్ళకి రాణిగారి చార్టరు వచ్చింది. సంఘం ఊళ్ళోనే ఉంటుంది కాబట్టి మేస్త్రీ మొహం చాటేసినా అడగడానికి ఒకరున్నారు. 1666లో లండన్ తగలబడి 13 వేలకు పైగా ఇళ్ళు పోయేసరికి సంఘం వాళ్ళు ఎటూ చాలలేదు. పునర్నిర్మాణ చట్టం పెట్టి బయటి ఊళ్ళ పనివాళ్ళకి తలుపులు తెరిచారు. ఇళ్ళు లేచాయి, సంఘం పట్టు సడలింది. తప్పనను, ఇల్లు కాలినవాడికి సంఘం మర్యాదకన్నా కప్పు ముఖ్యం.

మన దగ్గరకొస్తే, 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ రకం పెంకుల వెనక చేసినవాళ్ళ పేరు అచ్చేసి ఉంటుంది. మా తాతగారింటి పెంకు మీద వేలితో తడుముతూ ఆ అక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి చిన్నప్పుడు. పేరుంది కాబట్టి పెంకుని నమ్మొచ్చు. కానీ దాన్ని వాసాల మీద సరిగ్గా పేర్చింది మాత్రం ఏటా వానలకి ముందు వచ్చి పెంకు తిరగేసే మనిషి. ఆయనకి కొంత డబ్బు, కొంత ధాన్యం, అదీ పంటలయ్యాక. కారితే ఆ ధాన్యం అడగడానికి మొహం చెల్లదు. కాంట్రాక్టు లేదు, సంతకం లేదు.

ఇక్కడి షింగిల్స్ మీద 30 ఏళ్ళ వారంటీ అంటే మురిసిపోయాను. తీరా చదివితే అదీ పెంకు వెనక పేరు లాంటిదే, ప్రధానంగా సరుకు లోపానికి. మేకు తప్పు చోట కొడితే అది మేస్త్రీ ఇచ్చే వేరే వారంటీ, ఆయన కంపెనీ బతికున్నంత కాలమే. ఇంతా చేసి టెక్సాస్‌లో జుట్టు కత్తిరించాలంటే రాష్ట్ర లైసెన్సు కావాలి, ఇంటికి కప్పు వెయ్యడానికి అక్కర్లేదు! ఇక ఆ డిడక్టబుల్ మాట. దాన్ని కాంట్రాక్టరు మాఫీ చేస్తాననడం 2019 సెప్టెంబరు నుంచి ఇక్కడ నేరం. అంటే నాలుగోవాడు తన గురించి తనే మొదటి వాక్యంలో చెప్పేశాడు, నాకే వినబడలేదు.

హైదరాబాదులో ఫ్లాటు కొన్నవాళ్ళకి 2016 నాటి రెరా చట్టం కొంత నయం. అప్పగించిన అయిదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే 30 రోజుల్లో బాగుచెయ్యాలి. హమ్మురాబిలో మూడో రకం శిక్ష, తలకాయలు మినహాయించి.

మర్నాడు నాలుగు కార్డులూ పక్కన పడేసి వీధుల్లో నడిచాను. మూడు వీధుల అవతల ఒక తెలుగు అంకుల్ గారింటికి ఆరేళ్ళ క్రితం కప్పు వేసినాయన ఇదే ఊళ్ళో ఉన్నాడు. రెండేళ్ళ తర్వాత చిమ్నీ పక్కన కారితే వచ్చి ఊరికే బాగుచేశాడట. "బాగా వేశాడా అని కాదయ్యా, కారాక వచ్చాడా అని అడుగు" అన్నారు అంకుల్. ఆయన రేటు నాలుగోవాడి కంటే పదిహేను వందల డాలర్లు ఎక్కువ. డిడక్టబుల్ నేనే కట్టాలి. సరుకు ఇంటి ముందు దిగేదాకా అడ్వాన్సు లేదు, పని వారంటీ అయిదేళ్ళు కాయితం మీద. కాస్త బాధగానే ఉంది, కానీ సంతకం పెట్టాను.

నిన్న పని అయిపోయింది. నాన్నకి ఫొటోలు పంపాను. "బాగుంది. వాన పడ్డాక ఫోన్ చెయ్యి" అన్నారు.