కీమో వాంతులు: పిల్లల వంతు ఆలస్యంగా వచ్చింది

రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో అమినోప్టెరిన్ అనే మందుతో వ్యాధి కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. కీమో చరిత్రలో పిల్లలు అలా ముందు వరసలో నిలిచారు. ఆ మందులు తెచ్చే వాంతుల్ని ఆపే విషయానికి వచ్చేసరికి వెనక వరసకు వెళ్లిపోయారు.

1950ల తొలినాళ్లలో బోరిసన్, వాంగ్ అనే పరిశోధకులు రక్తంలోని విషాన్ని పసిగట్టి వాంతిని పురికొల్పే చోటు మెదడు అడుగుభాగంలో ఉందని చూపారు. అక్కడ డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకునే క్లోర్‌ప్రొమజైన్ వంటి మందులే చాలాకాలం దిక్కయ్యాయి. 1970ల్లో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వచ్చింది. ముందుగా విరుగుడు ఇవ్వకపోతే ఇది ఎక్కించుకున్న వాళ్లలో నూటికి తొంభై మందికి పైగా వాంతులవుతాయి. 1981లో అమెరికాలో రిచర్డ్ గ్రల్లా బృందం మెటోక్లోప్రమైడ్‌ను పెద్ద మోతాదులో ఇచ్చి పెద్దవాళ్లకు ఊరట కలిగించింది. అదే మందుతో కొందరు పిల్లలకు మెడ పక్కకు తిరిగిపోయేది, దవడ బిగుసుకునేది, కనుగుడ్లు పైకి నిలిచిపోయేవి. ఈ బాధ చిన్న వయసులోనే ఎక్కువ. వాంతి తగ్గిందని ఏ తల్లి ఊరట పడుతుంది?

అసలు తాళంచెవి పేగుల్లో దొరికింది. కీమో పేగు గోడ కణాల్ని దెబ్బతీసినప్పుడు సెరటోనిన్ అనే రసాయనం వెలువడి, వేగస్ నాడి ద్వారా మెదడుకు కబురు పంపుతుంది. ఆ దారిని మూసేస్తే ఫెర్రెట్ జంతువుల్లో సిస్‌ప్లాటిన్ వాంతులు ఆగుతాయని 1986లో మైనర్, సాంగర్ నిరూపించారు. ఆ దారినే మూసే ఓండాన్‌సెట్రాన్ అనే మందుకు 1991లో అమెరికాలో అనుమతి దొరికింది. పిల్లల క్యాన్సర్ వార్డును ఇంతగా మార్చిన సహాయక మందు మరొకటి లేదని నా నమ్మకం.

రెండో రోజు నుంచి వచ్చే వాంతులకు అది చాలలేదు. వాటికి కారణమైన మరో రసాయనాన్ని అడ్డుకునే అప్రెపిటాంట్‌కు అమెరికాలో పెద్దవాళ్ల కోసం 2003లో అనుమతి వచ్చింది, పిల్లల కోసం 2015లో. పన్నెండేళ్ల తేడా! పిల్లల్లో పరీక్షలు కష్టమే. కానీ ఇంత ఆలస్యాన్ని ఆ కష్టంతో సమర్థించలేం.

వికారాన్ని కొలవడమూ ఆలస్యమైంది. వాంతిని నర్సు లెక్కపెట్టగలదు. కడుపులో తిప్పుతోందని బిడ్డ చెబితేనే తెలుస్తుంది. 2006లో కెనడాలో లీ డుప్యూయ్ బృందం నాలుగు ముఖాల బొమ్మలతో ఒక కొలమానం తెచ్చింది. నాలుగేళ్ల బిడ్డ కూడా తన బాధకు సరిపోయే ముఖాన్ని వేలుపెట్టి చూపగలదు.

2020లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు అప్పటికే వాడుతున్న మూడు మందులకు మానసిక వ్యాధుల్లో ఇచ్చే ఓలాంజపిన్ కలిపి పిల్లల్లో పరీక్షించారు. వాంతులూ తగ్గాయి, వికారమూ తగ్గింది. మగత మాత్రం పెరిగింది. ఇది చవకగా దొరికే మాత్ర కావడం మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోని పిల్లలకు పెద్ద మేలు.