జపాన్ కారు సంస్కృతి

జపాన్ కారు సంస్కృతి అనగా జపాన్ దేశంలో కార్ల యాజమాన్యం, నిర్వహణ, మార్పులు, పందేలు, సేకరణల చుట్టూ ఏర్పడిన నియమాలు, అలవాట్లు, అభిరుచుల సమాహారం. టయోటా, నిస్సాన్, హోండా, మజ్దా, సుబారు, మిత్సుబిషి, సుజుకి వంటి ప్రపంచ ప్రసిద్ధ సంస్థలకు జపాన్ పుట్టినిల్లు. ఉద్యోగరీత్యా, విద్యారీత్యా ఆ దేశంలో నివసించే విదేశీయులలో కార్ల అభిమానులు చాలామంది ఉన్నారు. ఇతర దేశాలలో అరుదుగా కనిపించే కార్లు అక్కడి సాధారణ వీధులలో తిరుగుతుండటం వీరిని ఆకర్షిస్తుంది. అయితే కారును కొనడం కంటే దానిని చట్టబద్ధంగా ఉంచుకోవడమే ఇక్కడ కష్టమైన పని.

చరిత్ర

మజ్దా సంస్థకు మూలమైన కంపెనీ 1920లో హిరోషిమాలో, నిస్సాన్ 1933లో, టయోటా మోటార్ 1937లో, హోండా 1948లో స్థాపించబడ్డాయి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సామాన్యునికి కారును అందుబాటులోకి తెచ్చే ప్రయత్నాలు మొదలయ్యాయి. 1954లో టోక్యో నగరంలోని హిబియా ఉద్యానవనంలో మొదటి మోటారు ప్రదర్శన జరిగింది. తరువాతి కాలంలో టోక్యో మోటార్ షోగా పేరుపొందిన ఈ ప్రదర్శనను 2023 నుండి జపాన్ మొబిలిటీ షో అని పిలుస్తున్నారు. 1963లో దేశపు మొదటి ఎక్స్‌ప్రెస్ రహదారి అయిన మెయ్‌షిన్ మార్గంలో కొంత భాగం, 1969లో టోక్యో, నగోయాలను కలిపే తోమెయ్ మార్గం పూర్తయ్యాయి. దీనితో దూరప్రయాణాలకు కారు వాడకం బాగా పెరిగింది.

1967లో మజ్దా రోటరీ ఇంజను గల కాస్మో స్పోర్ట్ కారును, 1969లో నిస్సాన్ మొదటి స్కైలైన్ జీటీ-ఆర్ కారును విడుదల చేశాయి. 1989వ సంవత్సరం స్పోర్ట్స్ కార్ల అభిమానులకు ముఖ్యమైనది. స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్32, మజ్దా రోడ్‌స్టర్ (ఎంఎక్స్-5) ఆ ఏడాదే వచ్చాయి. ఇంజను శక్తిని 280 పీఎస్‌కు పరిమితం చేసుకోవాలని దేశీయ తయారీదారులు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందం కూడా ఆ కాలానిదే. ఈ పరిమితి 2004 వరకు కొనసాగింది. 1991లో రోటరీ ఇంజను గల మజ్దా 787బి ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెంలో విజయం సాధించింది.

కేయ్ కార్లు

జపాన్‌లో చిన్న కార్లకు కేయ్ అనే ప్రత్యేక వర్గం ఉంది. 1949లో ఏర్పడిన ఈ వర్గంలో ఇంజను పరిమాణాన్ని 1955లో 360 సీసీగా, 1976లో 550 సీసీగా, 1990లో 660 సీసీగా నిర్ణయించారు. ప్రస్తుతం కేయ్ కారు పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఎత్తు 2 మీటర్లకు మించరాదు. సొంత అవసరాలకు వాడే కేయ్ కార్లకు సాధారణంగా పసుపు రంగు నంబరు ప్లేటు ఉంటుంది. 1958లో వచ్చిన సుబారు 360 ఈ వర్గానికి ప్రజాదరణ తెచ్చిన కారు.

కేయ్ కార్లకు వార్షిక పన్ను 10,800 యెన్లు కాగా, సాధారణ కార్లలో అతిచిన్న ఇంజను గల వాటికే 25,000 యెన్లు. కొత్త కార్ల అమ్మకాలలో మూడో వంతుకు పైగా కేయ్ కార్లే. హోండా బీట్ (1991), సుజుకి కపుచినో (1991), ఆటోజామ్ ఏజడ్-1 (1992) అనే మూడు కేయ్ స్పోర్ట్స్ కార్లను ఔత్సాహికులు నేటికీ ఇష్టంగా సేకరిస్తారు. తక్కువ ఖర్చుతో అభిరుచి తీర్చుకోవాలనుకునే విదేశీ నివాసులకు ఇవి అనువైనవి.

యాజమాన్య నియమాలు

కారు కొనేవారు దానిని నిలుపుకోవడానికి స్థలం ఉన్నదని ముందుగా రుజువు చేయాలి. 1962 నాటి చట్టం ప్రకారం పోలీసులు జారీచేసే ఈ పత్రాన్ని షాకో షోమెయ్ అంటారు. పార్కింగు స్థలం ఇంటికి 2 కిలోమీటర్ల లోపు ఉండాలి. రాత్రిపూట వీధి పక్కన కారు వదిలివేయడం నేరం. అందువలన పెద్ద నగరాలలో నెలవారీ అద్దెకు పార్కింగు స్థలం తీసుకోవడం సర్వసాధారణం. కేయ్ కార్ల విషయంలో ఈ నిబంధన కొన్ని ప్రాంతాలలో సడలించబడింది.

రెండవది షాకెన్ అనబడే తప్పనిసరి తనిఖీ. కొత్త కారుకు మొదటిసారి మూడేళ్ళకు, ఆ తరువాత ప్రతి రెండేళ్ళకు ఇది జరగాలి. బ్రేకులు, హెడ్‌లైట్లు, పొగ, శబ్దం, స్పీడోమీటరు వంటివి పరీక్షిస్తారు. కారు అడుగుభాగం నేలకు కనీసం 9 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. బరువు ఆధారంగా పడే పన్ను, తప్పనిసరి బీమా కూడా ఇదే సమయంలో చెల్లించాలి. ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు యజమానులు గ్యారేజీకి ఇవ్వకుండా కారును తామే తనిఖీ కేంద్రానికి తీసుకువెళతారు.

తప్పనిసరి బీమా మనుషులకు కలిగే హానికి మాత్రమే వర్తిస్తుంది. మరణానికి గరిష్ఠ పరిహారం 3 కోట్ల యెన్లు. ఆస్తినష్టానికి ఇందులో పరిహారం లేదు కనుక విడిగా స్వచ్ఛంద బీమా తీసుకోవడం అవసరం. 13 ఏళ్ళు దాటిన పెట్రోలు కార్లకు వార్షిక పన్ను సుమారు 15 శాతం పెరుగుతుంది. పాత కార్లను ప్రేమించేవారికి ఇది అదనపు భారం.

1995లో కార్ల మార్పులకు సంబంధించిన నియమాలను సడలించారు. నిర్దేశిత భాగాలను ప్రత్యేక అనుమతి లేకుండా మార్చుకోవచ్చు. కానీ కారు పొడవులో 3, వెడల్పులో 2, ఎత్తులో 4 సెంటీమీటర్లకు మించిన తేడా వస్తే, సాధారణంగా ఆ మార్పును నమోదు చేయించాలి. ఏటా జనవరిలో చిబాలోని మకుహారి మెస్సేలో జరిగే టోక్యో ఆటో సలోన్ మార్పులు చేసిన కార్లకు ప్రధాన వేదిక. ఇది 1983లో మొదలైంది.

విదేశీ నివాసులు

భారతదేశం 1949 నాటి జెనీవా ఒప్పందంలో భాగస్వామి కనుక భారతీయుల అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్ జపాన్‌లో చెల్లుతుంది. అయితే దాని గడువు గరిష్ఠంగా ఒక ఏడాది మాత్రమే. ఆపై అక్కడ ఉండేవారు తమ దేశపు లైసెన్సును జపాన్ లైసెన్సుగా మార్చుకోవాలి. లైసెన్సు పొందిన తరువాత స్వదేశంలో కనీసం మూడు నెలలు ఉన్నట్లు చూపించాలి, లైసెన్సుకు అధికారిక జపనీస్ అనువాదం జతచేయాలి. కొన్ని దేశాల వారికి పరీక్షల నుండి మినహాయింపు ఉన్నప్పటికీ భారతీయులకు లేదు. 2025 అక్టోబరు 1 నుండి రాత పరీక్షలో ప్రశ్నలను 10 నుండి 50కి, ఉత్తీర్ణతను 70 నుండి 90 శాతానికి పెంచారు. పర్యాటకులు లైసెన్సు మార్చుకునే అవకాశాన్ని కూడా తొలగించారు.

డ్రైవింగు పరీక్ష పరీక్షా కేంద్రపు ఆవరణలోనే జరుగుతుంది. ఇరుకైన మలుపులను దాటడం, తిరిగే ముందు అద్దాలలోను, భుజం మీదుగాను వెనుకకు చూడటం వంటి వాటిని అధికారులు నిశితంగా గమనిస్తారు. ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్నవారు సైతం మొదటిసారి తప్పడం సాధారణం. భారతదేశంలో వలెనే ఎడమ వైపున నడపడం తెలుగువారికి అనుకూలమైన అంశం.

సాధారణ కారు రిజిస్ట్రేషనుకు పురపాలక కార్యాలయంలో నమోదైన వ్యక్తిగత ముద్ర, దాని ధృవపత్రం కావాలి. కేయ్ కార్లకు నివాస ధృవపత్రం సరిపోతుంది. దేశం విడిచి వెళ్ళేటప్పుడు కారును అమ్మాలి, ఎగుమతి చేయాలి లేదా రద్దు చేయించాలి. మూడేళ్ళు దాటిన పాత కార్ల దిగుమతిని భారతదేశ నియమాలు అనుమతించవు. అందువలన జపాన్‌లో ముచ్చటపడి కొనుక్కున్న పాత కారును స్వదేశానికి తెచ్చుకోవడం భారతీయులకు దాదాపు అసాధ్యం.

పర్వత రహదారులు, డ్రిఫ్టింగ్

పర్వత మార్గాలను జపనీస్ భాషలో తోగే అంటారు. మలుపులలో కారు వెనుక చక్రాలను కావాలని జారనిచ్చి నడిపే డ్రిఫ్టింగ్ విద్య ఈ దారులలోను, పందెపు మైదానాలలోను వికసించింది. 1961లో మోటారుసైకిల్ గ్రాండ్ ప్రీ గెలిచిన తొలి జపనీయుడైన కునిమిత్సు తకహాషి ఈ పద్ధతికి ఆద్యుడని చెబుతారు. దానికి ప్రాచుర్యం తెచ్చినవాడు కెయిచి త్సుచియా. షుయిచి షిగెనో రచించిన ఇనిషియల్ డి అనే మాంగా (1995–2013) వలన టయోటా ఏఈ86 కారు ప్రపంచవ్యాప్తంగా ప్రసిద్ధి చెందింది. గున్మాలోని హరునా పర్వతం ఆ కథకు నేపథ్యం. నేడు డ్రిఫ్టింగ్‌కు చట్టబద్ధమైన పోటీలు ఉన్నాయి. ఫుకుషిమాలోని ఎబిసు వంటి మైదానాలలో విదేశీ ఔత్సాహికులు కూడా సాధన చేస్తారు.

యోకొహామాలోని దైకోకు పార్కింగు ప్రదేశం వారాంతపు రాత్రులలో కార్ల అభిమానులు చేరే చోటు. పాత క్లాసిక్ కార్లు మొదలుకొని విపరీతంగా మార్పులు చేసిన కార్ల వరకు ఇక్కడ కనిపిస్తాయి. శబ్దం, రద్దీ పెరిగినప్పుడు పోలీసులు దీనిని మూసివేస్తుంటారు.

పందెపు మైదానాలు

హోండా 1962లో నిర్మించిన సుజుకా, షిజువోకాలోని ఫుజి స్పీడ్‌వే, ఇబరాకిలోని త్సుకుబా ముఖ్యమైన మైదానాలు. 1976లో ఫుజిలో జపాన్‌లో మొదటి ఫార్ములా వన్ పందెం జరిగింది. 1987లో ఈ పోటీ సుజుకాకు మారింది. భారతదేశపు తొలి ఫార్ములా వన్ డ్రైవరు నారాయణ్ కార్తికేయన్ 2014 నుండి 2018 వరకు జపాన్ సూపర్ ఫార్ములా పోటీలలో పాల్గొన్నాడు. 2019లో ఫుజిలో జరిగిన సూపర్ జీటీ, డీటీఎం ఉమ్మడి పందేలలో ఒకదానిని గెలిచాడు.

భద్రత

కారు మోజుకు జపాన్ పెద్ద మూల్యం చెల్లించింది. 1970లో రోడ్డు ప్రమాదాలలో 16,765 మంది మరణించారు. గుంపులుగా ప్రమాదకరంగా వాహనాలు నడిపే బోసోజోకు ముఠాలను అదుపు చేయడానికి 1978లో చట్టాన్ని సవరించారు. 2006లో ఫుకువోకాలో తాగి నడిపిన డ్రైవరు ఢీకొనడంతో ఒక కుటుంబంలోని ముగ్గురు పిల్లలు మరణించారు. దేశాన్ని కలచివేసిన ఆ సంఘటన తరువాత 2007లో శిక్షలు తీవ్రమయ్యాయి. తాగినవానికి కారు ఇచ్చినవారు, మద్యం అందించినవారు, తెలిసీ పక్కన కూర్చున్నవారు కూడా శిక్షార్హులే. 2024లో మరణాల సంఖ్య 2,663కు తగ్గింది.

పాత కార్ల ఎగుమతి

అమెరికాలో 25 ఏళ్ళు దాటిన కార్లకు అక్కడి భద్రతా ప్రమాణాలు వర్తించవు. అందువలన ఆర్32 జీటీ-ఆర్ కార్లు 2014 నుండి, ఆర్34 కార్లు 2024 నుండి ఆ దేశానికి చేరుతున్నాయి. దీనితో జపాన్ వేలంపాటలలో వీటి ధరలు బాగా పెరిగాయి. ఒకప్పుడు యువకులు కొనగలిగిన కార్లు నేడు సంపన్నుల సేకరణలుగా మారాయి. నగర యువతలో కార్లపై ఆసక్తి తగ్గడాన్ని కురుమా బనారె అని పిలుస్తున్న ఈ కాలంలో, పాత కార్లను కాపాడుతున్నవారిలో విదేశీ నివాసులు కూడా ఉన్నారు.

భారతదేశంతో సంబంధం

1983 డిసెంబరులో విడుదలైన మారుతి 800 సుజుకి ఆల్టో ఆధారంగా రూపొందినది. జపాన్ ఇరుకు వీధుల కోసం పుట్టిన కేయ్ కారు నమూనా 796 సీసీ ఇంజనుతో భారతదేశానికి వచ్చి, తెలుగునాట కూడా ఎన్నో కుటుంబాలకు మొదటి కారు అయింది.